మార్కెట్ ఎక్కితే డాలర్ దిగుతుంది

సిద్ధాంతి అన్నది అతనికి కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, బావ పెట్టింది. పెట్టింది కూడా వెటకారానికే. కానీ వెటకారానికి ఒక గుణం ఉంది, రోజూ పిలవగా పిలవగా దాని కారం చచ్చిపోతుంది. మూడేళ్ళు తిరిగేసరికి ఇంటిల్లిపాదీ అతన్ని నిజం సిద్ధాంతిని అడిగినట్టే అడగసాగారు. అడిగేది ముహూర్తాలు కాదు, డాలర్లు ఎప్పుడు కొనాలని.

అతను పనిచేసేది విదేశీ డబ్బు మార్చే కొట్లో. ముందు బల్ల, బల్ల మీద అద్దం, అద్దం అడుగున అర్ధచంద్రం ఆకారంలో ఒక కంత. ఆ కంతలోంచి ఒక దేశం డబ్బు లోపలికి వెళ్తుంది, ఇంకో దేశం డబ్బు బయటికొస్తుంది. సిద్ధాంతి కూర్చునే కుర్చీ వెనక గోడకు పెద్ద బోర్డు. దేశానికొక వరస, వరసకు రెండు ధరలు, కొట్టు కొనేది ఒకటి, కొట్టు అమ్మేది ఒకటి. పొద్దున్న పావు తక్కువ పదికి యజమాని ఫోన్లో టోకు ధర కనుక్కుని చీటీ మీద రాసిస్తాడు. సిద్ధాంతి స్టూలెక్కి ప్లాస్టిక్ అంకెలు మేకులకు తగిలిస్తాడు. మధ్యాహ్నం ఇంకోసారి, మూడింటికి మరోసారి. పదకొండేళ్ళుగా ఇదే ఎక్కడం, ఇదే దిగడం. అంతకుముందు పరీక్షలు రెండుసార్లు తప్పాడు, ఉద్యోగాలు నాలుగు మారాడు. తండ్రి బతికున్నన్నాళ్ళూ, మీవాడేం చేస్తాడని ఎవరైనా అడిగితే, ఏదో కొట్లోలెండి అని మాట మార్చేసేవాడు.

బోర్డుకు ఎదురు గోడ మీద టీవీ ఉండేది. వరసలో నిలబడ్డ జనానికి విసుగు పుట్టకుండా యజమాని పెట్టించాడు. పొద్దస్తమానం షేర్ మార్కెట్ చానెలే. గొంతు మాత్రం ఉండదు. రిమోట్‌లో గొంతు ఆపే మీటను యజమాని మొదటి రోజే నొక్కేసి రిమోట్ సొరుగులో పడేశాడు. మాటలు వింటే జనానికి ఆలోచన వస్తుంది, ఆలోచన వస్తే లేచి వెళ్ళిపోతారు అని అతని లెక్క. కాబట్టి సిద్ధాంతికి కనిపించేది ఒక్కటే, తెర అడుగున మార్కెట్ సూచీ, దాని పక్కన బాణం. పైకైతే పచ్చ, కిందికైతే ఎరుపు.

ఎదురుగా బాణం చూస్తూ, వెనక అంకెలు మారుస్తూ రెండు మూడేళ్ళు గడిచాక అతనికి ఒక సంగతి తట్టింది. పచ్చ బాణం వచ్చిన రోజున సాయంత్రానికి డాలర్ ధర కాస్త తగ్గుతోంది. ఎర్ర బాణం వచ్చిన రోజున పెరుగుతోంది. అన్నిసార్లూ కాదు, చాలాసార్లు. ఒక మధ్యాహ్నం బేరాల్లేక ఈగలు తోలుకుంటున్నప్పుడు యజమానిని అడిగాడు. యజమాని ఆవలిస్తూ చెప్పాడు. బయటి దేశాల వాళ్ళకు మన షేర్లు కావాలంటే డాలర్లిస్తే రావు, మన డబ్బే కావాలి. అందుకని డాలర్లు తెచ్చి ఇక్కడ అమ్ముతారు. బజారులోకి సరుకు ఎక్కువొస్తే ధర పడదూ? వాళ్ళు షేర్లమ్ముకుని పోయేటప్పుడు మళ్ళీ డాలర్లు కొనుక్కుపోతారు, అప్పుడు పెరుగుతుంది. అంతే.

అది అబద్ధం కాదు. కానీ ఒక మధ్యాహ్నం ఆవలింతల మధ్య విన్న మాటను జీవితాంతం పట్టుకు వేలాడేవాళ్ళను ఏమనాలి? మార్కెట్ ఎక్కితే డాలర్ దిగుతుంది. ఈ నాలుగు మాటలూ దొరికిన రోజు నుంచి సిద్ధాంతి నడకే మారిపోయింది.

అతని అక్క పళ్ళు తయారు చేస్తుంది. నవ్వులాటకు కాదు, అదే ఆవిడ వృత్తి. ఇంటి ముందు గదిలోనే పనిశాల. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తే, వాటిలో ప్లాస్టర్ పోసి, మైనంతో పన్ను చెక్కి, పింగాణీ పొడిని తడిపి సన్నటి కుంచెతో పొరలు పొరలుగా అద్ది, చిన్న కొలిమిలో కాలుస్తుంది. పన్నంటే తెల్లగా ఉంటే చాలనుకునేవాళ్ళను చూస్తే ఆవిడకు ఒళ్ళు మంట. చిగుళ్ళ దగ్గర పసుపు, అంచున నీలి జీర, నలభై ఏళ్ళు దాటిన వాడికైతే మధ్యలో వెంట్రుకంత పగులు కూడా గీస్తుంది. కొట్టు యజమాని పై పళ్ళ వరస ఆవిడ చేతిపనే. ఆ పరిచయంతోనే తమ్ముడికి ఉద్యోగం అడిగింది. బావ పని ఆ పళ్ళను చిన్న చిన్న డబ్బాల్లో పెట్టుకుని మోటార్‌సైకిల్ మీద క్లినిక్కులకు చేర్చడం. లోపల ఇద్దరు ఆడపిల్లలు అచ్చులు పోస్తారు.

పింగాణీ పొడి పరాయి దేశం సరుకు, డాలర్లలో కట్టాలి. ఒకసారి సిద్ధాంతి, రెండు రోజులాగి కట్టు బావా అన్నాడు. తగ్గింది. రెండోసారీ అన్నాడు, తగ్గింది. మూడోసారి బావే ఫోన్ చేసి, ఏం సిద్ధాంతిగారూ, గ్రహాలెలా ఉన్నాయి అని అడిగాడు. అప్పుడూ తగ్గింది. కాకి వాలింది, తాటిపండు పడింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, మూడుసార్లు కాయ కాసేసరికి ఆ ఇంట్లో పెరటి చెట్టుకే ప్రదక్షిణాలు మొదలయ్యాయి. పిన్ని కొడుకు అడిగేవాడు, బావ తరఫు వాళ్ళు అడిగేవారు. చివరికి కొట్లో కంత దగ్గరికొచ్చిన వాళ్ళకు కూడా సిద్ధాంతి గొంతు తగ్గించి సలహా చెప్పడం మొదలుపెట్టాడు. అక్క మాత్రం ఎప్పుడూ వేళాకోళం చెయ్యలేదు. మా తమ్ముడు చెప్పాడు అంటే చాలు, ఆవిడకు అదే సాక్ష్యం. నాన్న బతికుంటే బావుండేది అని ఒకసారి అంది కూడా. ఆ మాట అతను చాలాకాలం దాచుకున్నాడు.

ఇలా ఉండగా, నాలుగు క్లినిక్కులున్న పెద్ద డాక్టరు అక్కకు కబురు పెట్టాడు. ఆవిడ పనిలో ముప్పావు వంతు అతని దగ్గర నుంచే వస్తుంది. ఇక మీదట నోటి అచ్చులు తీయరట. నోట్లో చిన్న కెమెరా తిప్పితే పన్ను బొమ్మ కంప్యూటర్లో పడుతుందట. ఆ బొమ్మను చూసి మెషిన్ పన్ను చెక్కేస్తుంది, పైన రంగు మెరుగులకే మనిషి చెయ్యి కావాలి. మెషిన్ కొనుక్కోండి, నాలుగు క్లినిక్కుల పనీ మీకే రాసిస్తాను, రెండు నెలలు చూస్తాను, లేదంటే నా దారి నేను చూసుకుంటాను అన్నాడు. మర్యాదగానే అన్నాడు. పొట్టకొట్టే మాటలు చాలావరకు మర్యాదగానే ఉంటాయి.

అక్క కొత్త మెషిన్ కొనలేదు. బావ వెతగ్గా వెతగ్గా పరాయి దేశంలో మూతపడ్డ ఒక పనిశాల వాళ్ళది వాడిన మెషిన్ దొరికింది. పద్దెనిమిది వేల డాలర్లు. రెండు వేలు ముందు పంపిస్తే నలభై రోజులు ఎవరికీ అమ్మకుండా ఉంచుతారు. ఆలోపు మిగతా పదహారు వేలూ, ఓడ కిరాయీ కట్టాలి. కట్టకపోతే ముందు పంపింది తిరిగి రాదు. పద్నాలుగేళ్ళుగా దాచుకున్నదంతా ఊడ్చి, మెళ్ళో గొలుసు అమ్మి, ఆ రెండు వేలూ పంపించాక లెక్క చూసుకున్నారు. ఆ రోజు డాలర్ ధరకు పదహారు వేలకూ సరిపోయింది. ఓడ కిరాయికీ సుంకానికీ మాత్రం, మొత్తం మీద నూటికి నాలుగు వంతులు తక్కువొచ్చింది.

అది పెద్ద తక్కువేం కాదు. బావకు తెలిసిన టైర్ల కొట్టు ఆయన ఆ కాస్తా వడ్డీకి సర్దుతానన్నాడు. మర్నాడే డాలర్లు కొనేద్దామని మాట కూడా అయిపోయింది. ఆ సాయంత్రం సిద్ధాంతి అక్క ఇంటికి వెళ్ళాడు. కొలిమి చల్లారుతోంది. బావ కాగితం మీద లెక్కలేస్తున్నాడు.

అక్కడ అతను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ పదకొండేళ్ళు స్టూలెక్కి దిగినవాడికి, ఇంట్లో అందరూ తనవైపు చూస్తున్న సాయంత్రాన నోరు మూతపడుతుందా?

"వడ్డీ ఎందుకక్కా? మార్కెట్ వారం నుంచి పచ్చగా ఉంది. ఇంకా ఎక్కుతుందంటున్నారు. పది రోజులాగు. డాలర్ నూటికి నాలుగు కాదు, ఐదు దిగుతుంది. ఓడ కిరాయి మార్కెట్టే కట్టేస్తుంది నీకు" అన్నాడు.

బావ పెన్ను కింద పెట్టి భార్య ముఖం చూశాడు. అక్క తమ్ముడి ముఖం చూసింది. చేతికున్న ప్లాస్టర్ గోకుతూ, నువ్వు చెప్తే సరేరా అంది. టైర్ల కొట్టు ఆయనకు వద్దని చెప్పేశారు.

మార్కెట్ నిజంగానే ఎక్కింది. సిద్ధాంతి జోస్యంలో సగం అక్షరాలా ఫలించింది. అలాంటి ఎక్కుడు అతను ఈ పదకొండేళ్ళలో చూడలేదు. రోజూ పచ్చ బాణం, రెండ్రోజులకోసారి కొత్త రికార్డు, టీవీలో కోట్లు తొడుక్కున్న మగవాళ్ళు గొంతు లేకుండా చేతులు కలుపుకుంటున్నారు. కానీ యజమాని చీటీ మీద డాలర్ ధర కూడా పెరుగుతోంది. మొదటి రోజు నూటికి పావు, రెండో రోజు ఇంకో పావు. సిద్ధాంతి స్టూలెక్కి చిన్న అంకె తీసి పెద్ద అంకె తగిలించి, వెనక్కి తిరిగి టీవీ చూశాడు. పచ్చే. డాలర్‌కు ఇంకా కబురందలేదు, కాస్త చెవుడు దానికి అని పక్క బల్ల గుమాస్తాతో జోకేశాడు. గుమాస్తా నవ్వాడు.

వారం గడిచింది, కబురందలేదు. సిద్ధాంతి మాత్రం తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు ఉన్నాడు. కంత దగ్గరికి డాలర్లు కొనడానికొచ్చిన వాళ్ళకు, ఇప్పుడు కొనకండి, పడిపోతుంది అని చెప్పాడు. అమ్మడానికొచ్చిన వాళ్ళకు, ఇవాళే అమ్మేయండి, రేపు ఈ ధర ఉండదు అని చెప్పాడు. బయటి దేశాలకు చదువులకు పోయేవాళ్ళు, వైద్యానికి పోయేవాళ్ళు, చుట్టాలు పంపిన నోట్లు తెచ్చుకున్న ముసలమ్మలు, అందరికీ ఒకే పాఠం. మామూలుగా అయితే వచ్చిన బేరాన్ని వెనక్కి పంపితే యజమాని చిందులు తొక్కేవాడు. ఈసారి వెనక నిలబడి అంతా వింటూ కూడా ఏమీ అనలేదు. పైపెచ్చు ఒకరోజు భుజం తట్టి పోయాడు. దానితో సిద్ధాంతికి తన శాస్త్రం మీద ఇంకా గురి కుదిరింది.

పద్దెనిమిదో రోజున బావ కొట్టుకే వచ్చాడు. మోటార్‌సైకిల్ దిగకుండానే, గుమ్మంలోంచి బోర్డు కేసి చూసి, తర్వాత లోపలికొచ్చాడు. నూటికి నాలుగు తక్కువగా ఉన్నది ఇప్పుడు తొమ్మిది తక్కువయింది. టైర్ల కొట్టు ఆయన ఇంకా మాట మీదే ఉన్నాడు, ఐదు దాకా సర్దుతాడు, మిగతా నాలుగూ ఎక్కడో తంటాలు పడతాను, ఇవాళే కొనేద్దాం అన్నాడు. సిద్ధాంతిగారూ అనలేదు. సిద్ధాంతికి ఆ తేడా వెంటనే చెవినపడింది, గుచ్చుకుంది కూడా. సరిగ్గా ఆ మధ్యాహ్నమే, ఏం గ్రహపాటో, చీటీ మీద ధర కాస్త తగ్గింది. నూటికి ముప్పావు తగ్గి ఉంటుంది. అతను కుర్చీలోంచి ఎగిరి గంతేసినంత పని చేశాడు. చూశావా బావా, మొదలైంది, ఇంక ఆగదు అన్నాడు. బావ నమ్మలేదు. అక్కకు ఫోన్ చేసి కంతలోంచి సిద్ధాంతి చేతికిచ్చాడు.

"ఏమంటావు తమ్ముడూ? నువ్వు కొనమంటే ఇప్పుడే కొనేస్తాం. వద్దంటే ఆగుతాం. ఆయన మాట వదిలేయ్, నువ్వు చెప్పు" అంది అక్క. వెనక సానపట్టే చక్రం చప్పుడు వినిపిస్తోంది.

కొనమనడానికి ఒక్క మాట చాలు. అయితే ఆ ఒక్క మాటతో, పద్దెనిమిది రోజులుగా తను చెప్పింది తప్పని బావ ముందు, గుమాస్తా ముందు, వరసలో నిలబడ్డ జనం ముందు ఒప్పుకున్నట్టవుతుంది. అది అతని నోటంట రాలేదు.

"ఆగక్కా" అన్నాడు.

మర్నాడు ధర మళ్ళీ లేచింది. ఆ మర్నాడు ఇంకా లేచింది. ఇరవై నాలుగో రోజుకు టైర్ల కొట్టు ఆయన చేతులెత్తేశాడు, అంత పెద్ద తక్కువ తనవల్ల కాదన్నాడు. ముప్పయ్యో రోజుకు నూటికి పదిహేను తక్కువ. బావ తన వాళ్ళందరినీ అడిగాడు. పెరట్లో మోటార్‌సైకిల్ కూడా అమ్మకానికి పెట్టాడు, అయితే అది అమ్మితే పళ్ళు చేర్చేదెలాగని అక్క ఆపింది. పళ్ళు ఊడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని బావ గోడతో చెప్పినట్టు చెప్పాడు. ఎదురుగా సిద్ధాంతే కూర్చుని ఉన్నాడు.

ముప్పై మూడో రోజున అక్క పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఒక నెల గడువు పెంచమని, వీలైతే చేయబోయే పనికి కొంత ముందుగా ఇవ్వమని అడగడానికి. సిద్ధాంతిని కూడా తోడు రమ్మంది. డాలర్ సంగతి డాక్టరు అడిగితే వివరంగా చెప్పడానికట. అప్పటికీ ఆవిడ దృష్టిలో వివరం తెలిసినవాడు వాడే.

క్లినిక్ ముందు గదిలో చల్లగా ఉంది. దవడలు పట్టుకుని పదిమంది కూర్చున్నారు. గోడకు టీవీ, దాంట్లో అదే చానెల్, మార్కెట్ వార్తలు చెప్పే అదే ఆవిడ, అదే పచ్చ బాణం. తేడా ఒక్కటే, ఇక్కడ గొంతు ఉంది. పదకొండేళ్ళుగా రోజూ చూసే ఆ మనిషి గొంతు ఇంత సన్నగా ఉంటుందని సిద్ధాంతికి అప్పుడే తెలిసింది. మొదట దానికే ఆశ్చర్యపోయాడు. తర్వాత ఆవిడేం చెబుతోందో వినసాగాడు.

ఈ నెలంతా బయటి వాళ్ళు మన షేర్లు కొనలేదట. అమ్ముకుని, డాలర్లు కొనుక్కుని పోతున్నారట, డాలర్ పెరిగింది అందుకేనట. మరి కొంటున్నదెవరు? మనవాళ్ళే, నెలనెలా జీతంలోంచి కట్టేవాళ్ళు. పెరుగుతున్నవి ఏ షేర్లు? మందులు, సాఫ్ట్‌వేర్ బయటి దేశాలకు అమ్మే పెద్ద కంపెనీలవి. వాళ్ళ రాబడి డాలర్లలో. డాలర్ ప్రియమైన కొద్దీ అదే డాలర్‌కు ఇక్కడ ఎక్కువ డబ్బొస్తుంది, లాభం ఉబ్బుతుంది, షేర్ ఎక్కుతుంది. సూచీలో సగం బరువు వాళ్ళదే కాబట్టి సూచీ కూడా ఎక్కుతుంది. అంటే డాలర్ ఎక్కింది కాబట్టే మార్కెట్ ఎక్కింది. పచ్చ బాణం చూసి డాలర్ దిగుతుందని అతను కాచుకు కూర్చున్నన్ని రోజులూ, ఆ పచ్చకు మేత వేస్తున్నది డాలర్ పెరుగుదలే.

టీవీలో తన పక్కన కూర్చున్న పెద్దమనిషిని ఆవిడ అడిగింది, మార్కెట్ పెరిగితే డాలర్ తగ్గాలి కదా, అందరూ అదే అంటారు కదా అని. ఆయన నవ్వాడు.

"కొనేదెవరు, పెరిగే షేర్లు ఏవి అన్నదాన్ని బట్టి ఉంటుందమ్మా. ఒక్కోసారి ఇది దాన్ని లాగుతుంది, ఒక్కోసారి అది దీన్ని లాగుతుంది. అదేం సూత్రం కాదు."

అక్క ఒళ్ళో ఆ రోజు ఇవ్వాల్సిన పళ్ళ డబ్బా ఉంది. దాని మీద చేతులు పెట్టుకుని మొత్తం విన్నది. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, కానీ మైనంలో పన్ను చెక్కే బుర్ర, ఒక్కసారికే అర్థమైపోయింది.

"ఈవిడ చెప్పేది నీకు తెలుసా తమ్ముడూ?" అని అడిగింది.

"మా కొట్లో సౌండ్ పెట్టరక్కా" అన్నాడు.

అక్క తలూపింది. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! నలుగురిలో లాగి చెంప మీద కొట్టినా అతనికి కాస్త ఊపిరాడేది.

లోపల డాక్టరు వాళ్ళను మర్యాదగా కూర్చోబెట్టాడు. అంతా విన్నాడు, బాధపడ్డాడు, డాలర్‌ను తిట్టాడు కూడా. తర్వాత తన సంగతి చెప్పాడు. అతనికి మందుల కంపెనీల షేర్లు చాలానే ఉన్నాయట, ఈ నెలలో అవి నూటికి ముప్పై పెరిగాయట. కొన్ని అమ్మేసి మెషిన్ తనే కొని క్లినిక్‌లో పెట్టుకుందామని అనుకుంటున్నాడట. డాలర్ పదో పదకొండో పెరిగినా అతనికి లెక్క లేదు, చేతిలో ముప్పై పెరిగినది ఉంది. అక్క చూపించడానికి తెచ్చిన మెషిన్ కాగితం తిరగేసి, ధర బాగుందే, ఇది నా దగ్గర ఉంచి వెళ్ళండి, మీ గడువు దాటాకే నేను వాళ్ళతో మాట్లాడతాను అన్నాడు. ఆ మాట తప్పలేదు. నలభై ఒకటో రోజునే మాట్లాడాడు.

లేచేటప్పుడు అక్కతో, మెషిన్ చెక్కినా రంగు వేయడానికి మీలాంటి చెయ్యి కావాలి, జీతానికి వచ్చేయండి, పొద్దున్న తొమ్మిదికి రావాలి అన్నాడు. పద్నాలుగేళ్ళు తన పేరు మీద పని చేసుకున్న మనిషి, సరేనండీ అంది.

నలభయ్యో రోజు వచ్చింది, పోయింది. రెండు వేల డాలర్లూ గంగలో కలిశాయి. పనిశాలలో అచ్చులు పోసే ఆడపిల్లలిద్దరికీ ఇంకో చోటు చూసుకోమని చెప్పేశారు. బావ సిద్ధాంతితో మాట్లాడడం మానేశాడు. పోట్లాడలేదు, పిలవడానికి ఒక పేరు లేనట్టు ఊరుకున్నాడు, అంతే.

ఆ నెలాఖరున యజమాని కొట్టు మూసే ముందు సిద్ధాంతిని లోపలికి పిలిచాడు. ఇనప్పెట్టె మీద ఒక కవరు ఉంది, లావుగా ఉంది. తీసుకోమన్నాడు. సిద్ధాంతికి అర్థం కాలేదు, జీతం మొన్ననే ఇచ్చాడు కదా.

"బోనస్. ఈ నెల నీ చలవే. కొనేవాళ్ళను ఆపావు, అమ్మేవాళ్ళ చేత అమ్మించావు. పెట్టె నిండా చవక డాలర్లే. ఇప్పుడు ఏ ధరకు పోతున్నాయో నీకు తెలుసుగా, నువ్వేగా అంకెలు పెట్టేది" అని యజమాని పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు.

డాలర్ పెరుగుతుందని మీకు ముందే తెలుసా అని సిద్ధాంతి అడిగాడు. తెలుసో లేదో ఎవరికి తెలుసయ్యా అన్నాడు యజమాని, ఇంట్లో టీవీకి గొంతుంటుంది కదా, వింటూ ఉంటాను. మరి నాకెందుకు చెప్పలేదు? నువ్వు అడగలేదు కదా. అడిగినప్పుడు చెప్పాను, ఎనిమిదేళ్ళ కిందటో ఎప్పుడో. ఆ తర్వాత నువ్వే అందరికీ చెబుతున్నావు, నీకు తెలియదని నేనెలా అనుకుంటాను?

కవరు తీసుకున్నాడు. నోట్లు చూశాడు. నూటికి నాలుగు తక్కువ పడ్డ ఆ మొదటి రోజున, అక్కకు తక్కువైనది ఎంతో, కొంచెం అటూ ఇటూగా అంతే ఉంది. ఆ పోలిక చూసుకోకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాడు. ఇచ్చేద్దామనే వెళ్ళాడు, అందులో అబద్ధం లేదు. దారి పొడుగునా మాటలు కూడా కూర్చుకున్నాడు. ఇది నీదేనక్కా, ఎలా వచ్చిందో అడగకు అందామనుకున్నాడు. అడుగుతుంది. అడిగితే చెప్పాలి. నీలాగే నా మాట నమ్మినవాళ్ళందరి మీదా వచ్చిన సొమ్ము అని చెప్పాలి. చెప్పేద్దాం, ఇంతకన్నా పోయేదేముంది అనుకుంటూ గుమ్మమెక్కాడు.

అక్క పనిశాల బల్ల కడుగుతోంది. పద్నాలుగేళ్ళ ప్లాస్టర్ రాయిలా అతుక్కుని ఉంటే, వేణ్ణీళ్ళు పోసి, కత్తి మొనతో గీస్తోంది. బల్లను ఎవరో వడ్రంగి కొనుక్కున్నాడట, పొద్దున్నే వచ్చి పట్టుకెళ్తాడట. పన్ను రంగుల నమూనాల పట్టీ మాత్రం అమ్మలేదు, డాక్టరు దగ్గర పనికి అది కావాలి. సిద్ధాంతి కూడా ఒక గుడ్డ తీసుకుని తుడవసాగాడు. బావ లోపలి గదిలో ఉన్నాడు, బయటికి రాలేదు.

సిద్ధాంతి గొంతు సవరించుకున్నాడు. అతను నోరు తెరిచేలోపే అక్క కత్తి పక్కన పెట్టి అతని వైపు తిరిగింది.

"నిన్నొకటి అడగాలని వారం నుంచి అనుకుంటున్నాను. నువ్వు కూడా ఏమైనా పెట్టావురా ఇందులో? అంత నమ్మకంగా చెప్పావు కదా, నీ జీతంలో దాచుకున్న నాలుగు రాళ్ళూ దీని మీదే పెట్టి ఉంటావని నా భయం. మా గొడవలో పడి నీ సంగతి ఎవరం అడగనే లేదు. నీకేం పోలేదు కదా?"

అతను ఆమె ముఖం చూడలేకపోయాడు. బల్ల మీది మురికి నీళ్ళ కేసి చూస్తూ, లేదక్కా, నాకేం పోలేదు అన్నాడు.

"హమ్మయ్య" అంది అక్క. నిజంగానే ఆవిడ ముఖం తేరుకుంది. ఆ నెలన్నరలో అలా తేరుకోవడం అదే మొదలు. "పోన్లే. నువ్వైనా మిగిలావు" అని, మళ్ళీ కత్తి తీసుకుని పనిలో పడింది.

ఆ మాట విన్నాక కవరు తీయడానికి అతనికి చెయ్యి రాలేదు. రాలేదని చెప్పుకోవడం తేలికే. నిజానికి చెయ్యి జేబు దాకా వెళ్ళింది. బల్ల మీదికి వంగినప్పుడు కవరు అంచు అక్కకు కనబడకుండా, దాన్ని ఇంకా లోపలికి నొక్కింది.